తిప్పేసామి కారుకు నాలిక పెట్టించిన కత

తిప్పేసామికి తల మీద ఒక్క ఎంటిక లేదు. ముప్పై ఏండ్లకే అంతా రాలిపాయ. తలమీద రాలిందంతా కిందికి దిగి మూతిమీద మొలిచిందేమో అన్నట్టు, మీసం మాత్రం ఇట్ల, ఇదో నా రెండు చేతులు పెట్టినా చాలదు, అంత గుబురుగా, కొనలు మెలితిరిగి తేలుకొండి మాదిరి ఉండేదంట. ముద్దలవంకలో పిండిమర ఆయప్పదే. ఒళ్ళంతా పిండి పడి తెల్లగైతే కానీలే అనేవాడంట, మీసానికి మాత్రం నల్లగుడ్డ కట్టుకొని మర ఆడించేవాడంట. అంత ముద్దు ఎందుకంటే, ఆ మీసం కింద ఒక గుట్టు ఉండాది. మీసం మొలవకముందు ఆయప్ప మొగం అచ్చం వాళ్ళ మేనత్త ఈరమ్మ మొగం. ఈరమ్మత్త మీకు తెలీదు, మా నాయనకు తెల్సు. నీళ్ళకాడ ఆయమ్మ నోరు తెరిస్తే బిందెలు వాటంతటవే పక్కకు జరిగేవంట. తిప్పేసామి పిల్లప్పుడు వీధిలో పోతాంటే, "ఏం ఈరమ్మత్తా, కొంగు యాడ పారేసుకొంటివి" అని ఏడిపిస్తాండ్రి. మీసం వచ్చినంక ఆ మాట పోయె. ఆయమ్మ చచ్చిపోయి ఇరవై ఏండ్లాయ, అయినా ఆ మీసం తీస్తే కింద ఆయమ్మ కూర్చోనుంటాదని ఆయప్పకు బయం. నాకు మీసం ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే, పోయిన నెల తీసేస్తే మా ఇంటిది ఇంతవరకు కనుక్కోలేదు. అది వేరే కత.

ఇంక ఏమైందంటే, ఆ తిప్పేసామి బెంగళూరుకు పోయి ఒక పాత కారు కొనుక్కొచ్చినాడు. ఎర్రది. చూస్తే ఇంతే, కోడిగంప బోర్లించినట్టు ఉంటాది, వెనక పక్క డిక్కీ అద్దంతో సహా తలుపు మాదిరి పైకి లేస్తాది. అంతేనా అనుకుంటే అంతే కాదు, ఎక్కి తొక్కితే మాత్రం కుందేలు. అనంతపురం రోడ్డులో పెద్దపెద్ద కార్లను దాటుకొని వచ్చినాడంట, దాటిన ప్రతి కారుకూ మీసం దువ్వి చూపించినాడంట. నన్ను కారు గురించి ఎక్కువ అడగొద్దండప్పా, నాకేం తెల్సు, నా సైకిలుకు బ్రేకు నా చెప్పే, ఈ ఏడు మూడు జతలు అరిగె. దాదాపీరు చెప్పింది చెప్తాండా. దాదాపీరంటే క్రాసుకాడ షెడ్డు పెట్టుకోనుండె మెకానిక్కు. ఆయప్ప బానెట్టు ఎత్తినాడు, చుట్టూ తిరిగినాడు, కింద పండుకొని చూసినాడు, లేచి చేతులు తుడుచుకొని, "సామన్నా, ఈ జాతి కారు మేకపిల్ల ఒంట్లో కోడె గుండె పెట్టినట్టు. గుండె మంచిదే, ఒళ్ళు ఓర్చుకోవాల గదా" అనె. లోపల గాలి ఊదే చిన్న చక్రం ఒకటి ఉండాదంట, టర్బో అంటారంట, కొలిమికి తిత్తి మాదిరి అనుకో. అది ఊదితేనే ఆ దౌడు. ఊదేకొద్దీ కాగుతాది, కాగింది ఆరాలంటే ముందర మూతిలోంచి గాలి ఆడాల. "మూతికి ఏదీ అడ్డం పెట్టొద్దు. కాగిందంటే ఇంజనే పోతాది. ఇంకోటి ఈ రబ్బరు గొట్టాలు, పాతబడితే పగిలి బుస్సుమంటాయి, అప్పుడు లాగదు. ఇంజను కింద రబ్బరు దిమ్మెలు చూడు, నలిగి పచ్చడైనాయి, అందుకే చలిజరమొచ్చినట్టు వణుకుతాంది. ఇవన్నీ ఒకెత్తు, బ్రేకు ఒకెత్తు. దీనికి ఉరికే బుద్ధి పుట్టుకతోనే ఇచ్చినారు, నిలబడే బుద్ధి మనం నేర్పాల. బ్రేకు ప్యాడ్లు అరిగి రేకులైనాయి. ముందు మంచి టైర్లు, మంచి ప్యాడ్లు ఏయించు, గొట్టాలు మార్పించు, మిగతా సోకులు తర్వాత" అని చెప్పె. తిప్పేసామి అంతా విని, అంతా అంటే అంతా విని, "చక్రం లోపల ఉండే బ్రేకు ఎవరికి కనపడతాది పీరా" అన్నాడంట.

కనపడేవి ఏయించుకున్నాడు. వెనక ఒక రెక్క పెట్టించినాడు, ఏరోప్లేను రెక్క మాదిరి. అది దేనికని దాదాపీరు అడిగితే, కారు గాల్లోకి లేచిపోకుండా అదిమి పడతాదంట అనె. ముద్దలవంక రోడ్డులో కారు గాల్లోకి లేచేది గుంతలో పడినప్పుడే గదా, అప్పుడు రెక్క ఏం చేస్తాది. వారంలోపే ఆ వీధి కోళ్ళన్నీ సందకాడ దానిమీదికే చేరబట్టె. పొగగొట్టం పెట్టించినాడు, బోరుబావి పైపంత. అది స్టార్టు చేస్తే ఊర్లో బర్రెలు పాలు ఎగబట్టె. వాళ్ళింటామె సాకమ్మ, పాపం ఓపికమంతురాలు, "ఏమయ్యా, ఈ చప్పుడు దేనికి" అంటే, "చప్పుడు లేకపోతే స్పీడు ఉండాదని ఎట్ల తెలుస్తాది" అన్నాడంట. నేనూ అంతే గదా, చెప్పేదానికి ఏమీ లేనప్పుడే గొంతు పెంచుతా.

సరే, ఒకనాడు మరకాడికి జొన్నలు తెచ్చిన ముసలామె ఎవరో కారు నిమిరి, "ఎంత ముద్దుగుండాది నాయనా" అని పోయె. మర్నాడు కారు బుస్సుమనె, లాగదు. దాదాపీరు చూసి, గొట్టం పగిలింది అని కొత్తది ఏసినాడు, నిమిషంలో బాగైపాయ. తిప్పేసామి వింటేగా. గొట్టం పగిలింది సరే, ఎందుకు పగిలింది, ముసలామె దిష్టి తగిలి పగిలింది అనుకొనె. ఇంక మొదలు. వెనక పాత చెప్పు ఏలాడదీసె, ముందర నిమ్మకాయా మిరపకాయలూ కట్టె, స్టీరింగుకు నల్ల కంబడిదారం చుట్టె. చాలదని రేకులు కొట్టే ఆయప్ప కాడికి పోయి దిష్టిబొమ్మ చేయించినాడు. రాక్షసుడి మొగం, చేటంత కాదు, గంపంత కాదు, కారు మూతంతా కప్పేంత. గుడ్లు ఇంతింత, కోరలు ఇంతింత. నోరు మాత్రం తెరుచుకోనుండె, ఆ సందులో కొంచెం గాలి పోతాండె, కారు ఎట్లనో నడిచిపోతాండె. దాదాపీరు చూసి తలకాయ కొట్టుకొని, "సామన్నా, మూతికి అడ్డం వద్దంటి గదా" అంటే, "నోరు తెరిచే ఉండాది గదా పీరా, ఊపిరి పీల్చుకుంటాది" అనె. అక్కడికి ఊరుకుంటే ఈ కత లేదు, మీరూ ఇంతసేపట్లో ఇంకో మూట శెనక్కాయలు వలిచేవాళ్ళు. ఏమైందంటే, చిన్నపిల్ల ఒకతి ఆ బొమ్మను చూసి నవ్వె. పిల్ల బయపడకపోతే దిష్టి ఏం బయపడతాది అని, తిరిగి పోయి మూరెడు ఎర్రనాలిక చేయించి ఆ నోట్లో దిగ్గొట్టించినాడు. ఇంక చీమ దూరే సందు లేదు. ఆ పొద్దునుంచి కారు కాగేది మొదలాయ. కాగినప్పుడల్లా తిప్పేసామి ఏమనుకొనె? దిష్టి ఎక్కువైంది అనుకొని ఇంకో నిమ్మకాయ కట్టె.

ఇంక మారెన్న సంగతి చెప్తా. మారెన్న సాకమ్మ తమ్ముడు, తిప్పేసామికి బామ్మర్ది. పాత మోపెట్టు మీద రెండు పక్కలా తమలపాకు గంపలు కట్టుకొని ఊరూరూ తిరుగుతాడు. ఒకనాడు హోటలుకాడ టీ తాగుతా, "బావా, నీ కారు అరుస్తాది, బుసకొడ్తాది, ఉడుకుతాది, అన్నీ చేస్తాది గాని పోతాదా" అనె. తిప్పేసామికి కాలింది. "తిమ్మప్ప కొండకు నీ మోపెట్టు నా కారుకంటే ముందు చేరితే, తలనీలాల పందిట్లో కూర్చొని మీసం గీయించుకుంటా పోరా" అనేసె. నోట్లోంచి మాట పడినంక దాన్ని తియ్యను ఏ మెకానిక్కు వల్లా కాదు గదా. మారెన్న టీ గ్లాసు మెల్లగ కింద పెట్టి, "నేను ఓడితే ఏడాది పాటు నీ పిండిమరకాడ పొట్టు జల్లిస్తా బావా" అనె. ఈడ మీకు ఆ పందిరి కట్టుబాటు ఒకటి చెప్పాల, లేకుంటే తర్వాత నన్ను తిడతారు. ఆ కొండమీద గుండ్లు గీసే పందిరి చుట్టూ పసుపుతాడు కట్టింటారు. తెలిసి దాటినా తెలీక దాటినా, తాడు దాటి లోపల పడినోడు స్వామికి ఒక్క ఎంటికన్నా ఇయ్యకుండా బయటికి రాకూడదు. తిప్పేసామి తలమీద ఏముండాది ఇచ్చేదానికి? అందుకే ఎప్పుడు కొండకు పోయినా ఆ పందిరికి పది బారల దూరంనుంచి, ఎండైనా సరే, ఎదురు గోడ పట్టుకొని పోయేవాడంట.

పరస రోజు, అదే తిమ్మప్ప జాతర రోజు, పొద్దున కొండకింద ఊరంతా చేరె. సాకమ్మ పొంగలికి బియ్యం, బెల్లం, కడవతో నీళ్ళు, పొయ్యిలోకి పట్టకారు అన్నీ పెట్టుకొని కార్లో వెనక కూర్చొనె. కొండకు ఏడు మలుపులు. తొక్కినాడు చూడు తిప్పేసామి, మొదటి మలుపు, రెండో మలుపు, మూడో మలుపు, మారెన్న మోపెట్టు వెనక దుమ్ములో చుక్కైపాయ. మీసం దువ్వుకున్నాడు. నాలుగో మలుపుకాడ ఇంజను కాక చూపించే సూదిముల్లు ఎర్రగీత ఎక్కె. ఐదో మలుపుకాడ దమ్ము పోయె, బానెట్టు కిందనుంచి ఆవిరి, ఇంక నిలబడిపాయ. కిందనుంచి టుక్కుటుక్కుమని మోపెట్టు వచ్చె. మారెన్న ఆగలే, "అక్కా, పొంగలి ఈడనే పెట్టుకోండి, పొయ్యి బాగా రాజుకుంది" అనుకుంటా పోయె. తిప్పేసామి మీసం మీద చెయ్యి పెట్టుకొని, "దిష్టే, ఊరంతా చూసింది గదా, గుమ్మడికాయ యాడన్నా దొరుకుతాదేమో" అంటాండాడు. సాకమ్మ దిగె. కారు ముందరికి పోయి, నడుం మీద చెయ్యి పెట్టుకొని ఆ రాక్షసుణ్ణి చూసె. "ఏమయ్యా, మూతికి అడ్డం పెట్టొద్దని దాదాపీరన్న నీకు ఏ బాసలో చెప్పినాడు? పొయ్యినోటికి బండ పెట్టి మంట ఎగదోస్తే పొయ్యి పగలదా? దీనికి నాలిక ఎందుకు పెట్టించినావు, ఇంట్లో నీది చాలదా" అని, పట్టకారు తెచ్చి ఆ నాలికను పట్టి, కాలు బంపరుకు తన్ని, ఒక్క లాగు లాగె. నాలికతో పాటు రెండు కోరలు, సగం మొగం ఊడొచ్చె. రాక్షసుడు వాళ్ళ తాత మాదిరి అయిపాయ. కాగిన రేడియేటరు మూత తియ్యొద్దని ఆయమ్మకు తెల్సు, ఆరేవరకు కొంగుతో విసురుకుంటా కూర్చొనె, ఆరినంక కడవనీళ్ళు పోసె. తిప్పేసామి రోడ్డుమీద అటూ ఇటూ తిరిగె, అప్పుడే తన మీసానికి దినాలు పెట్టుకుంటాండె.

అంతసేపట్లో మారెన్న కొండెక్కి దిగుండాల గదా అంటారు. అంటారు, నాకు తెల్సు. ఎక్కలే. ఆరో మలుపుకాడ టీ బంకు ఉండాది, ఆడ జనం చూసి నిలబడి, "మా బావ కారు ఉడుకుతాంది, పప్పేసుకొని పోండి" అని చెప్తాండాడు. ఒకరికి చెప్పె, నలుగురికి చెప్పె, టీ తాగి మళ్ళీ మొదట్నుంచి చెప్పె. నాలిక జబ్బు ఒక్కరిదే కాదు. ఇంక పప్పు అనే మాట నోట్లో ఉండగానే ఎర్రకారు బుర్రున ముందరినుంచి పోయె. ఊపిరాడిన కారు అది, పట్టపగ్గాల్లేవు. మారెన్న ఎగిరి మోపెట్టెక్కె, తమలపాకులు సగం రోడ్డు పాలు. కొండమీది బండకమాను, అదే రాతి వాకిలి, కిందికి ముందు పోయింది ఎవరంటే తిప్పేసామే. గెలిచె. మీసం గెలిచె. గెలిచినంక నిలబడాల గదా. బ్రేకు తొక్కినాడు. బురదలో కాలు దిగినట్టు దిగె. "ఏమయ్యా, గెలిచినావు గదా, నిలుపు" అనె సాకమ్మ. "నిలుపుతాండా." "మరి పోతానే ఉండాదే." "నిలబడతాండాదే, కొంచెం మెల్లగ నిలబడతాండాది" అనుకుంటా చేతిబ్రేకు లాగితే అది పెరికిన వంకాయ మాదిరి చేతికొచ్చె. ఆ పొగగొట్టం చప్పుడికి జనం ముందే పక్కకు జరిగుండ్రి, ఆ గొట్టం జన్మలో చేసిన మేలు అదొక్కటే. కారు అంగడి దాటె, నీళ్ళతొట్టి దాటె, పసుపుతాడు తెంపుకొని పోయి పందిట్లో తలనీలాల గోతాలమీద మెత్తగ, దిండుమీద తల పెట్టినట్టు, మూతి పెట్టి నిలబడె. వెనక రెక్క ఊడి పడె. ఎవరికీ ఏమీ కాలే.

గుండ్లు గీసే చెన్నప్ప కత్తి పట్టుకొని వచ్చి, "తాడు దాటినావు సామన్నా" అనె. "నేను దాటలే చెన్నప్పా, కారు దాటింది." "కారుకు ఎంటికల్లేవు గదా." సాకమ్మ జడ కొనలోంచి మూడు కత్తెరల ఎంటికలు ఇచ్చి పక్కన నిలబడె. తిప్పేసామిని పీటమీద కూర్చోబెట్టి చెన్నప్ప అలవాటు కొద్దీ తలమీద నీళ్ళు చల్లె. నీళ్ళు గుండుమీద జారిపాయ. చెన్నప్ప చేత్తో తడిమె, ముందర చూసె, వెనక చూసె, చెవుల్లో కూడా చూసె. అట్ల చూస్తా చూస్తా చూపు కిందికి దిగె. తిప్పేసామి రెండు చేతులూ అడ్డం పెట్టుకొనె. "కొండ కట్టు సామన్నా, నా చేతుల్లో ఏమీ లేదు" అనె చెన్నప్ప, కత్తి తప్ప. ఒక్క ఎంటిక చాలదా అంటే, కొనలు సమానం చెయ్యాలని ఇటొకటి, అటొకటి, మళ్ళీ ఇటొకటి, అట్ల అంతా పోయె. ఇంక తుండుగుడ్డ తీసేసరికి, ఆ పక్కన పండుటాకు మాదిరి ముసలాయన ఒకడు బీడీ తాగుతా కూర్చోనుండె. ఈ మొగం చూసి ఉలిక్కిపడి, బీడీ వెనక దాచిపెట్టుకొని, లేచి నిలబడి, "ఈరమ్మక్కా, ఎప్పుడొస్తివి" అనె. మారెన్న అప్పుడే మోపెట్టు దిగె. బావను చూసె, నవ్వలే, పాపం నవ్వలే, దగ్గరికొచ్చి చేతులు కట్టుకొని, "మాట మాటే. రేపటినుంచి పొట్టు జల్లిస్తా. జల్లెడ యాడ పెట్టినావత్తా" అనె. సాకమ్మ అంతసేపూ ఓర్చుకున్నది, కొంగు నోట్లో కుక్కుకొని కారు వెనక్కి పోయి కూలబడిపాయ.

కొండ దిగినంక ఆయప్ప ఇంటికి పోలేదంట. కారును తాడుకట్టి లాగించుకొని సీదా దాదాపీరు షెడ్డుకు పోయి, మూతికి తుండుగుడ్డ కట్టుకొని, "పీరా, ఆ కనపడని బ్రేకులు ఏవో అవి ఏయి" అన్నాడంట. మీసం ఆరునెలలకు మొలిచె, బ్రేకు మాత్రం ఇంతవరకు బాగుండాది. ఉరికేది ఎవరికైనా వస్తాది, నాకూ వస్తాది, నా నోరు చూడండి. నిలిపేదే రాదు. మా ఇంటిది అన్నానికి పిలవబట్టి ఇది మూడోసారి, నాలుగోసారి పట్టకారు తెస్తాది. ఇదో, చెప్పు కింద పెట్టి నిలిపేస్తాండా.