ఎల్లవ్వకు బావ నచ్చలే

నాందేడ్, వజీరాబాద్‌లో గిన్నెల దుకాణం మీది ఇల్లు. ఆదివారం మధ్యాహ్నం. టీవీలో ఇంగ్లీషు సీరియల్ నడుస్తోంది. దాని ముందు ఇద్దరే ఉన్నారు: రుక్మాబాయి, ఆమె కొడుకు బిడ్డ ప్రజ్ఞ.

"ఆగు, ఆగు. జర వెనుకకు తిప్పు. ఇప్పుడు ఆ ఎర్రమీసాలోడు ఎల్లవ్వతోని ఏమన్నడు?"

"ఎల్లవ్వ కాదు బాపమ్మా, ఎలెన్."

"నాకు ఎల్లవ్వనే. ఏమన్నడో చెప్పు."

"నన్ను పెండ్లి చేస్కోకుంటె నీ సంగతి చూస్త అన్నడు."

"గంత మాటన్నడా? మరి చేతుల పూలెందుకు పట్టుకున్నడు?"

"అది... వాళ్ల దిక్కు అట్లనే ఉంటది. బెదిరిచ్చేటప్పుడు పూలిస్తరు."

"అచ్ఛా. మంచి రివాజు. ఇంక జల్ది జల్ది చూపియ్యి. సాయంత్రం బస్సుకు ముఖేడ్ నుంచి మీ మేనత్త అస్తది. నీ పెండ్లి సుపారీకి తారీఖు ఖాయం చేద్దమని. మళ్ల టీవీ ముందల కూసునుడు అయ్యేది లేదు."

"ఎరుకనే."

"వైభవ్ గూడ తల్లెంబడి అస్తుండట."

"రానీ."

"రానీ ఏంది? కాబోయే పెనిమిటి అస్తుంటె గట్లనేనా అనేది?"

"బాపమ్మా, సీరియల్ చూడు. మంచిగ నడుస్తుంది. వీడున్నడు చూడు, ఎర్రమీసాలోడు, వీడు అస్సలు మంచోడు కాదు. తాగుతడు."

"తాగేది చాయ్ గద? మొదటి సంది చూస్తున్న, ఆ ఇంట్ల అందరికి చాయ్ తాగుడే పని. ఒక్కలన్న పొయ్యి కాడికి పోయి రొట్టె చేసింది చూడలే."

"ఆ కప్పుల ఉన్నది సారా."

"సారాల పాలు పోసుకుంటరా?"

"...చలిదేశం గద."

"బరం, సరే. చలిదేశం. ఎల్లవ్వకు వాడు ఏమైతడంటివి?"

"చిన్నాయన కొడుకు."

"ఛీ. అన్న అయితడు. అన్నను చేస్కొమ్మంటున్నరా?"

"అదే మరి. అందుకే ఆమె వద్దంటుంది. వద్దనుడు కరెక్టే గద బాపమ్మా?"

"మొన్న మేనత్త కొడుకన్నవు."

"నేనా?"

"నువ్వే. ఆ నల్లగౌను ముసల్ది ఎల్లవ్వకు మేనత్త, అన్న ఇల్లు పరాయోళ్ల చేతుల పడొద్దని తన కొడుక్కు పిల్లనడుగుతుంది అన్నవు. అడుగుట్ల తప్పేమున్నది, మేనత్తకు హక్కుంటది అని నేనంటిని. నువ్వు మూతి ముడుచుకొని అటుకుల చివుడా తినుడు బంజేసినవు."

"వాళ్ల భాషల మేనత్త కొడుకుకు, చిన్నాయన కొడుకుకు ఒక్కటే మాట బాపమ్మా. నాకు సమజ్ కాలే."

"మొన్న మేనబావ, ఇయ్యాల అన్న. రేపు వాన్ని ఏం చేస్తవో ఏమో."

"ఏమైతె ఏంది, చిన్నప్పటి సంది కలిసి పెరిగినోళ్లు. సెలవులల్ల ఒక్క కాడ ఆడుకున్నోళ్లు. వాన్ని చూస్తె ఆమెకు వాని ముక్కు కారుడే యాదికొస్తది. పెండ్లి ఎట్ల చేస్కుంటది?"

"గట్లని ఎల్లవ్వ అన్నదా?"

"అన్నది. ఇగో, ఇప్పుడే అన్నది."

"నోరు తెరువలే గద పిల్ల. సప్పుడు చెయ్యకుండ గుర్రం ఎక్కుతుంది."

"మనసుల అనుకున్నది."

"మనసుల మాటలు గూడ నీకు ఇనొస్తున్నయి. ఎమ్మెస్సీ చదివితె గింత ఫాయిదా ఉన్నదని మీ నాయనకు ఎరుక లేదు పాపం."

"నువ్వు ఊకె పరాష్కాలాడకు. ఒక్క సంగతి చెప్పు. ఎల్లవ్వ జాగల నువ్వుంటె ఏం చేస్తవు?"

"నేనా? పిలగానికి భూములున్నయి, గుర్రాలున్నయి. అత్త కండ్లల్ల పెట్టుకొని చూస్కుంటది. ఎల్లవ్వకు తకలీఫ్ ఏంది?"

"ఇష్టం లేదు. బస్."

"ఇష్టం అడిగి చేసిండ్రా ఎవలకన్న? నన్ను మా మేనమామకు ఇచ్చిండ్రు. పక్కింటి మరాఠోళ్లు నోట్ల కొంగు పెట్టుకొని నవ్విండ్రు, మామనే చేస్కుంటరా మీరు అని. నాకు చెప్పరాని సిగ్గయింది."

"తాతతోని మంచిగనే ఉంటివి గద?"

"ఉన్న. ఆయన మంచోడే. కాని పెండ్లయినంక గూడ మామా అనే పిలిచిన. ఇంకో మాట నోట్లకు రాలే. పొయ్యేదాక రాలే."

"ఒక్కసారి గూడ రాలేనా?"

"ఏంది, గట్ల చూస్తున్నవు? టీవీ దిక్కు చూడు. నీ తాగుబోతు అచ్చిండు."

"బాపమ్మా, ఇంకోటి చెప్పుడు మరిచిన. వానికి పట్నంల ఒక పెండ్లాం గూడ ఉన్నది."

"పెండ్లాం ఎక్కడిది? పెండ్లామున్నోడు ఎల్లవ్వ గుర్రం మీదికెళ్లి పడ్డప్పుడు మంచం పక్కన కూసోని గట్ల ఏడుస్తడా?"

"గుర్రం మీదికెళ్లి ఎప్పుడు పడ్డది?"

"పడలే?"

"పడలే. ఇంక ఇప్పుడే ఎక్కింది."

"...అయితె పడ్తదేమో. జర ఆగు."

"బాపమ్మా."

"నా దిక్కేం చూస్తవు, అటు చూడు."

"బాపమ్మా, పడ్డది."

"పాపం."

"నీకెట్ల ఎరుక?"

"ఎరుకేంది, గుర్రం మొకం చూస్తెనే తెలుస్తది, అది..."

"బాపమ్మా."

"సరే తియ్యి. పక్కింటి పూనమ్ టీవీల గిదే సీరియల్ హిందీల అస్తది. నువ్వు కాలేజీకి పోయినంక పోయి చూసిన. మొత్తం చూసిన."

"మొత్తమా? ఎందుకు?"

"నువ్వు వాన్ని తాగుబోతు అన్నప్పుడే నాకు శంక అచ్చింది. గంత సక్కటి పిలగాన్ని మా పిల్ల ఎందుకు తిడుతున్నదని."

"మరి అంత తెలిసి గూడ ఇన్ని రోజులు నా పక్కన కూసోని ఇన్నవా?"

"నీ కథనే మంచిగున్నది. పూనమ్ దగ్గరి దాంట్ల సారా లేదు, పట్నంల పెండ్లాం లేదు. అందరు ఊకె వాన గురించి మాట్లాడుతరు."

"నవ్వకు. నాకు సిగ్గయితుంది."

"నవ్వుతలే. నిజం చెప్పు. నీకు ఎవడన్న ఉన్నడా?"

"ఎవడు లేడు. ఉన్నా బాగుండు, చెప్పనీకి ఒక కారణమన్న దొరుకుతుండె."

"మరి నోరిడిచి వద్దని ఒక్క మాట అంటె అయిపోయేది గద. మీ నాయనకు భయపడితివి అనుకో. నాకు చెప్పనీకి ఏమైంది?"

"నీకే చెప్పరాలే."

"నేనేమన్న పులినా?"

"అత్త నీ బిడ్డ గద. తొట్టెల ఏసిన్నాడే నాకు పేరు పెట్టి, పిల్ల మాదే అన్నదట. ఇప్పుడు నేను వద్దంటె అత్త మళ్ల ఈ గడప తొక్కదు. నాకేం కాదు. నీకు బిడ్డ దూరమైతది, మనుమడు దూరమైతడు. నీకే ఎల్లవ్వ మీద జాలి పుట్టి, పెండ్లి వద్దు అని నీ అంతట నువ్వే అంటవేమో అనుకున్న."

"అందుకు పాపం ఆ ఎర్రమీసాలోనికి సారా తాగిచ్చినవు."

"వైభవ్‌కు తాగిపియ్యలేను గద. వాడు మంచోడు బాపమ్మా. నాకు వాడంటె పావురమే. పెండ్లే వద్దు."

"ఏడుస్తున్నవా?"

"లేదు."

"నా కొంగుకు తుడువకు, తువ్వాల తీస్కో. టీవీ బంజెయ్యి."

"ఇంక ఆఖరి భాగం ఉన్నది."

"నేను చూసిన తియ్యి."

"నేను చూడలే. ఆఖరికి ఏమైతది?"

"చూడకుండనే గింత కథ చెప్పినవా?"

"చెప్పు బాపమ్మా. ఎలెన్ ఏం చేస్తది?"

"వాన్నే చేస్కుంటది."

"ఎర్రమీసాలోన్నా? ఇష్టపడ్డదా?"

"ఇష్టం లేదు. అత్త మొకం చూసి సరే అంటది. తెల్లబట్టలు కట్టుకొని గుడిల నిలబడి, కండ్లల్ల నీళ్లు పెట్టుకొని సరే అంటది. చుట్టు మంది మస్తుగున్నరు, ఒక్కలన్న ఎందుకు ఏడుస్తున్నవే అని అడుగలే."

"అంటె... నేను గూడ సరే అనాల్నా?"

"ఎల్లవ్వకు బాపమ్మ లేదు. ఆ ఫోన్ ఇటు తే, బస్సెక్కకముందే నా బిడ్డతోని నేను మాట్లాడుకుంట."