వంచినా చిట్లని పొర: శ్రీ మస్తాన్ గారి ముప్పై మూడేళ్ల సేవ

శ్రీ షేక్ మస్తాన్ గారు 1974 ఆగస్టు 19వ తేదీన తాడేపల్లిగూడెంలోని మా కళాశాల భౌతికశాస్త్ర విభాగంలో అటెండరుగా చేరారు. ఏలూరులో ఇత్తడి గిన్నెలకు తగరపు కళాయి వేసే కుటుంబంలో పుట్టి, ఉద్యోగం చేస్తూనే ఇంటర్మీడియట్ పూర్తిచేసి, 1986లో ల్యాబ్ అసిస్టెంటుగా పదోన్నతి పొందారు. ఆయన దగ్గర ప్రయోగాలు నేర్చుకున్న విద్యార్థుల్లో నేటి మా విభాగాధిపతి డాక్టర్ శేషారత్నం గారూ ఒకరు.

2004లో వంగే సోలార్ సెల్స్ పరిశోధన మా విభాగానికి వచ్చింది. పలుచని ప్లాస్టిక్ షీటు మీద నానో రేణువుల ముద్దను పొరగా పూయాలి. ఆ పొరకు రంగు పట్టించి ఎండలో పెడితే కరెంటు పుట్టాలి. షీటును వంచినా పొర చెదరకూడదు. ఈ మార్చిలో ప్రాజెక్టును సమీక్షించే నిపుణుల సంఘం రాకకు పది రోజులే ఉండగా, మా పొరలన్నీ వంచగానే చిట్లిపోతున్నాయి. అది సరికాకుంటే ప్రాజెక్టు మూతపడుతుంది.

పూత వేసేది ప్రాజెక్ట్ అసిస్టెంటునైన నేనే, తప్పూ నాదే. షీటు అంచులకు అంటించిన టేపు ఎంత మందమో, గాజు కడ్డీతో లాగిన పూతా అంతే మందం. ఒక్కో వరుస టేపు చేరుస్తూ, ప్రతి పూతనూ ఆరనిచ్చి మూడు పూతలు వేయాల్సింది, నేను మూడు వరుసల టేపుతో ఒక్క పూత వేసి ముగించేదాన్ని. కొత్తగా పెళ్లయినదాన్ని, మావారు ఫణికిరణ్ ఎదురుచూసే ఏలూరు స్టేషనుకు సాయంత్రం రైలుబండిలో త్వరగా చేరాలని నా ఆరాటం.

మస్తాన్ గారు చూసి నవ్వారు.

"పద్మమ్మగారూ, ఇది దిబ్బరొట్టె కాదండీ, ఒకేసారి దట్టంగా పోసెయ్యడానికి."

"మొత్తం మందం ఒకటే కదండీ?"

"మందం ఒకటేనండీ, ఆరడం వేరు. పైన ఆరిపోద్ది, లోపల తడి ఉంటది. మా నాన్న కళాయి వేస్తే అంటించినదానికన్నా తుడిచేసిందే ఎక్కువ. పలుచగా ఉంటేనే పట్టుకుంటదనేవారండీ."

"మరి నా బండండీ?"

"ఫణికిరణ్ గారు ఓ గంట నిలబడితే అరిగిపోరు లెండి!"

ఆ సాయంత్రం నా బండి వెళ్లిపోయింది. పూతకూ పూతకూ మధ్య, ఆయన శ్రీమతి సకీనా గారు పంపిన సేమ్యా తింటూ కూర్చోవడం ఎంత హాయో అప్పుడే తెలిసింది.

సంఘం సభ్యులు షీటును వేలికి చుట్టి చూశారు. పొర చిట్లలేదు, మీటరు ముల్లు కదిలింది. ప్రాజెక్టుకు రెండేళ్ల పొడిగింపు దక్కింది. "ఎవరు పూశారు?" అని వారడిగితే, "పద్మప్రియ గారండీ" అన్నారు మస్తాన్ గారు. నేను సంతోషంలో ఊరుకుండిపోయాను. ఆ జవాబు సగమే నిజమని మా కళాశాల పత్రిక ఈ సంచిక ముఖంగా అందరికీ సవినయంగా తెలియజేస్తున్నాను.

జూన్ 30న పదవీ విరమణ చేస్తున్న మస్తాన్ గారు, సకీనా గారితో కలిసి చక్కని ఆరోగ్యంతో చిరకాలం జీవించాలనీ, మేము మళ్లీ తప్పు చేసి ఫోను చేసినప్పుడు ఇలాగే నవ్వుతూ మందలించాలనీ మనసారా కోరుకుంటున్నాము.

— పద్మప్రియ, ప్రాజెక్ట్ అసిస్టెంట్