బాస్ అన్న మాట

అమెరికాలో, ఆల్బనీలోని వాన్ ఆల్స్ట్ బేకరీలో ఆ శుక్రవారం మధ్యాహ్నం, ట్రేలు కడుగుతున్న లోర్నాతో కొత్త యజమాని పీటర్ రేపు సెలవు లేదన్నాడు. ముప్పై ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్న ఆమెకు ఒళ్లు మండింది.

“రేపు మా చెల్లెలి పెళ్లని నెల కిందటే చెప్పాను, బాస్!”

“బాస్ అనొద్దని ఎన్నిసార్లు చెప్పాలి? పీటర్ అనండి చాలు. మనమంతా ఒకే కుటుంబం. ఇంటి మనిషన్నాక కాస్త సర్దుకోవాలి.”

“మీ నాన్నను పోయేదాకా బాస్ అనే పిలిచాను. ఆ మాట ఎక్కడిదో తెలుసా?”

“ఇప్పుడదెందుకు?”

“మీ డచ్చి ముత్తాతలదే. అప్పట్లో ఈ దేశంలో పనిచేయించుకునేవాణ్ణి ‘మాస్టర్’ అనాలి. అది బానిసలు అనే మాట, మేమనం అని పనివాళ్లు మొండికేసి, డచ్చివాళ్ల ‘బాస్’ మాట పట్టుకున్నారు. పని చేస్తాను గానీ నీ సొత్తును కాను, అని చెప్పడానికి!”

“నేను సొత్తన్నానా? కుటుంబమన్నాను!”

“అదే నా కడుపుమంట! బాస్‌నైతే అయిదింటికి వదిలేసి ఇంటికి పోవచ్చు. కుటుంబానికి గడియారమే ఉండదు. సరే, కుటుంబమే అనుకుందాం. మా చెల్లెలి పేరేంటి?”

పీటర్ తల గోక్కున్నాడు.

లోర్నా ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించింది. అలమరలోంచి పెళ్లి కేకు పెట్టె తీసి, మూత ఎత్తి అతని ముందు పెట్టింది.

“పేరు చదవండి. పొద్దున క్రీముతో మీ చేత్తోనే రాశారు. సోమవారం వస్తాను, బాస్.”