రెండేళ్ళు పెద్దవాడైన పోతురాజు

హలో… హలో, ఎవరండీ? కోచ్ చంద్రరావు గారేనా?… ఆ, నేనండి, లోవలక్ష్మిని. పోతురాజు వాళ్ళమ్మని.

… అదేనండి. మొన్న శుక్రవారం ట్రంకు పెట్టె చేతికిచ్చి బస్సెక్కించేశారు కదా. ఆ పోతురాజు.

… బాగున్నామా? మీ దయ వల్ల మహ బాగున్నామండి.

… లేదండి, పనుండే చేశాను. ముందో సంగతి వినండి. మా పక్కింటి అచ్చాయమ్మని ఒకావిడుంది. పొద్దున్న రేవులో పదిమంది ముందు ఏవందో తెలుసా? "లోవలక్ష్మీ, మీ వోడికి మగ ఎదుగుదల లేదంట కదా, అందుకే వాలీబాల్ హాస్టలోళ్ళు వెనక్కి పంపేశారంట కదా" అని. పైగా జాలి. తడి చెయ్యి నా భుజమ్మీద వేసి మరీ జాలి.

… మీరలా అన్లేదా? మరేవన్నారు?

… ఆ. "ఎదుగుదల ఆగిపోయింది, ఆటకి పనికిరాడు." అంతే అన్నారు. కాగితం మీద రాసి, సంతకం పెట్టి, పిల్లాడి జేబులో పెట్టారు. వాడు బస్సులో అది చదువుకుని ఏడుస్తుంటే పక్క సీటువాడు లాక్కుని పైకి చదివాడంటండి. బస్సు నిండా మా ఊరోళ్ళే. మీ ముక్క రేవు దాకా రావడానికి ఎంతసేపు పడుద్ది?

… గొంతు తగ్గించనండి. పాతికేళ్ళ నుంచి వీధి వీధీ తిరిగి చేపలమ్ముకుంటన్నాను. నా గొంతు ఇంతే.

… వాడా? ఇక్కడే ఉన్నాడు, దొరబాబు ఫోను బూత్ ముందు, బల్ల మీద. కుడి చెయ్యి మెళ్ళో వేలాడేసి కట్టుంది.

… ఏమయిందా? అమ్మయ్య, అడిగారు.

ఆదివారం నేను సంత నుంచొచ్చేసరికి మా పడవల పాక దూలానికి వేలాడతన్నాడు—

… ఛీ ఛీ, అది కాదండి! అదేం మాట! చేతుల్తో దూలం పట్టుకుని వేలాడతన్నాడు. రెండు కాళ్ళకీ సీసం గుళ్ళ మూటలు కట్టుకున్నాడు. వల అడుక్కి దిగడానికి కడతామే, ఆ గుళ్ళు. సాగుతాడంట. పొడుగవుతాడంట. మొహమంతా ఎర్రగా కందిపోయి, పళ్ళు బిగించి, లెక్క పెట్టుకుంటన్నాడు. నూట నలభై, నూట నలభై ఒకటి… నేను కేకేసేసరికి చెయ్యి జారింది. భుజం దగ్గర టక్కుమంది.

… ఆ, చూపించానండి. రాజమండ్రి తీసుకెళ్ళాను. ఎముకల డాక్టరు. భుజం సరిచేసి కట్టుకట్టి, "ఎందుకు వేలాడావురా" అనడిగాడు. వీడు మీ కాగితం తీసి చూపించాడు. ఇంకా దాచుకున్నాడండి దాన్ని, నాలుగు మడతలు పెట్టి.

ఆయనది చదివి, నా వంక చూసి, వీడి మణికట్టు ఎక్స్‌రే తీయించాడు.

… భుజానికి కాదండి, మణికట్టుకి. అదే చెప్తన్నాను, ఆగండి.

ఆ బొమ్మ నాక్కూడా చూపించాడు. ఎదిగే పిల్లల ఎముకల చివర సన్నగా సందులుంటాయంట. ఎదుగుదలంతా ఆ సందుల్లోనే జరుగుద్దంట. అవి పూడిపోతే ఇంక ఎముక సాగదు, అప్పుడు ఆగిపోయినట్టు. మావాడివి పూడలేదండి. పుల్ల పెట్టి ఇదిగో ఇదిగో అని చూపించాడు. నల్లగీతల్లాగ, నా కంటికే ఆనాయి. "ఇది పదమూడేళ్ళ పిల్లాడి చెయ్యమ్మా, వీడి అసలు ఎదుగుదల ఇంకా మొదలే అవలేదు" అన్నాడు.

… మీ రికార్డులో పదిహేనున్నర. తెలుసండి.

… తెలుసండి బాబూ, పదిహేనున్నరేళ్ళకి అయిదడుగుల రెండంగుళాలుంటే ఎవరైనా అలాగే అనుకుంటారు. నూనూగు మీసం లేదు, గొంతు చూస్తే ఇంకా ఆడపిల్ల గొంతు. మీరు గోడకి నిలబెట్టి ఆరు నెలలకోసారి గీతలు గీశారు, గీత కదిలీ కదలనట్టే ఉంది. అంతా నిజవే.

కాని పదిహేనున్నరేళ్ళు ఎవరికండి?

… సర్టిఫికెట్టుకి. ఆ. దానికి పదిహేనున్నర. మా వాడికి పదమూడు వెళ్ళి నాలుగు నెలలు.

… నవ్వుతున్నారేంటండి?

… ఇలాంటిది ఎప్పుడూ చూడలేదా? ఎక్కణ్ణుంచి చూస్తారు. కొడుకు వయసు రెండేళ్ళు తగ్గించి రాయించుకున్నోళ్ళే మీ దగ్గరికొస్తారు. జిల్లా మొత్తం మీద పెంచి రాయించుకున్న పిచ్చోళ్ళం మేవొక్కళ్ళమే. నవ్వండి. ఫోను బిల్లు నాదే కదా, తీరిగ్గా నవ్వండి.

… రుజువా? ఎనభయ్యారు గోదారి వరదండి రుజువు. ఆగస్టు నెల. ఇంట్లోకి నీళ్ళొచ్చేసి ఊరంతా ఏటిగట్టెక్కాం. టార్పాలిన్ కింద కన్నానండి వాణ్ణి. పైన హెలికాప్టరు పులిహోర పొట్లాలు పడేస్తంటే కింద నేను నొప్పులు పడతన్నాను. ఒక పొట్లం మంత్రసాని వీపు మీద పడింది. అది మా ఊళ్ళో చంటిపిల్లాణ్ణడిగినా చెప్తాడు. పంచాయతీ రిజిస్టరు అంటారా, అది కూడా ఆ వరదలోనే పోయింది.

… మరి ఎనభై నాలుగని ఎలా పడిందంటే… 

… చెప్తానండి. అందులో నా తప్పు కూడా ఉంది. దాచను.

మా ఊరి బడికి ఇద్దరు మాస్టార్లు. పిల్లలు తగ్గిపోయారు. ఇన్‌స్పెక్టరు వచ్చి లెక్క చూస్తే రెండో మాస్టార్ని ఏజెన్సీకి బదిలీ చేస్తారని పుకారు. ఆ రెండో మాస్టారు వీరబ్రహ్మం గారు. పాపం, కొత్తగా పెళ్ళయింది. ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని ఏరుకుంటన్నాడు. మా ఇంటికొచ్చాడు. వీడికి అప్పుడు అయిదు కూడా నిండలేదు. "ఏదిరా, చెయ్యి తల మీదుగా వేసి అవతలి చెవి పట్టుకో" అన్నాడు. మీకు తెలుసుగా, బళ్ళో వేసుకోడానికి అప్పట్లో అదే పరీక్ష. మావాడివి పుట్టడమే పొడుగు చేతులు. టక్కున పట్టేసుకున్నాడు. మాస్టారు మొహం వెలిగిపోయింది. ఒకటో తరగతిలో పిల్లలు సరిపోయారు, రెండులోనే తక్కువ పడ్డారని, ఏకంగా రెండో తరగతిలో రాసేశాడు. రెండో తరగతివాడికి ఏడేళ్ళుండాలి కాబట్టి ఏడు. జూన్ ఒకటి అని వేశాడు. మా బడిలో సగంమంది జూన్ ఒకటినే పుట్టారండి.

… నేనా? నేనేమన్నాను… తలూపాను.

… ఎందుకంటే, పొద్దున్నే బుట్టెత్తుకుని వెళ్ళాలి. వీణ్ణి ఎవరి దగ్గర వదలాలో తెలిసేది కాదు. బడిలో ఉంటే సాయంత్రం దాకా బెంగలేదు కదా అనుకున్నాను. పైగా గొప్ప కూడా. మా వాడు రెండో తరగతి అని కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాను. అప్పటికి వాడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం రాదు. ఇవాళ పదో తరగతిలో మీసాలొచ్చినోళ్ళ మధ్య కూచున్నాడు. ఆ కాగితం మీద నేనే వేలిముద్ర వేశానండి. ఈ మూడు రోజుల్నుంచీ ఆ వేలు కోసేసుకోవాలనిపిస్తంది.

… అది నా సంగతి. ఇప్పుడు మీ సంగతి మాట్లాడదాం.

రెండేళ్ళు మీ దగ్గరున్నాడు. నేను చేప కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూస్తాను. అమ్మేవాడు ఎన్ని ప్రమాణాలు చేసినా మొప్ప చూడకుండా కొనను. మీరు పిల్లాణ్ణి రోజూ పొద్దున్నా సాయంత్రం ఎదురుగా పెట్టుకుని ఒక్కసారి చూడలేదా? వాడి పాదాలు చూడలేదా? ఏడాదికి రెండు జతల బూట్లు చాలట్లేదు. అరచేతులు చూడలేదా? ఇంత పొడుగు చేతులు, పాదాలు ఉన్నోడు ఎదగడం ఆపేశాడంటే మీకు అనుమానం రాలేదా?

… పనెక్కువ. సరే.

… లోవరాజు? లోవరాజు గురించి మీరే ఎత్తారు కాబట్టి అడుగుతాను. మీ చిన్నోళ్ళ జట్టు కెప్టెనే కదా. పద్నాలుగేళ్ళ లోపువాడు. హాస్టలు బావి దగ్గర రోజు విడిచి రోజు గెడ్డం గీసుకుంటాడంట కదండీ?

… నేనేం అన్లేదు. ఆ పిల్లాడి మీద నాకే కోపం లేదు. వాళ్ళ నాన్న కాగితంలో ఎన్నేళ్ళు మింగాడో వాడికేం తెలుసు. కాని ఒక్కటి చెప్పండి. వాడి గీత గోడ మీద కదిలిందా? 

… పోయినేడు ఎక్కడుందో ఈ ఏడూ అక్కడే ఉందంట. మావాడు చెప్పాడు. వాడికి ఆగిపోయింది. కాని వాణ్ణి ఇంటికి పంపలేదు మీరు. ఎందుకంటే ఇవాళ పొడుగ్గా ఉన్నాడు, ఇవాళ కప్పులు తెస్తన్నాడు. రేపు పెద్దోళ్ళ జట్టులోకెళ్ళాక తనకన్నా జానెడు ఎత్తున్నోళ్ళ పక్కన నిలబడి ఆ పిల్లాడేమైపోతాడో మీకక్కర్లేదు. ముందు ఎదిగినోణ్ణి వాడేసుకోవడం, వెనక ఎదిగేవోణ్ణి పారెయ్యడం. ఇదేనాండి మీ ఆట?

… డాక్టరు గారన్నారండి. మగపిల్లల్లో కొందరు పన్నెండుకే మొదలెట్టి పదిహేనుకల్లా ఆగిపోతారంట, కొందరు పదిహేనుకి మొదలెట్టి పద్దెనిమిది దాకా ఎదుగుతారంట. ఎవరి వేళ వాళ్ళది. దాన్ని గోడ మీద గీతలు పెట్టి తేల్చలేం అన్నారు.

… ఎంత పొడుగవుతాడో? అడిగానండి. "అది మాత్రం నన్నడక్కమ్మా" అన్నారు. 

… మాస్టారా? నిన్నే వెళ్ళాను. ఇప్పుడు పెద్ద మాస్టారయ్యాడు, పై ఊళ్ళో. ముందు గుర్తులేదన్నాడు. సరేనండి, గుర్తొచ్చినప్పుడే చెప్పండని వాళ్ళ అరుగు మీద చేపల బుట్ట దింపుకుని కూచున్నాను. వాళ్ళు శాకాహారులండి. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి ఎండ ఎక్కింది, బుట్ట కూడా వాసనెక్కింది. వాళ్ళావిడ లోపల్నించి "ఆ రాసేదేదో రాసిచ్చెయ్యండి" అని కేకేసింది. వయసు తనే పెంచి వేశానని రాసిచ్చాడు. అది దిద్దించడానికి పెద్దాఫీసుకి ఆయనే తీసుకెళ్తానన్నాడు. పోయేటప్పుడు పిల్లాణ్ణి దగ్గరికి పిలిచి తల నిమిరాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మీకన్నా ఆయన నయం.

… ఆ, సంతకంతోనే. ఎక్స్‌రే కూడా నా దగ్గరే ఉంది.

… ఏంటీ?

… ఆగండాగండి. గొంతు మారిందేంటండి? ఇప్పటిదాకా "చూడమ్మా, చూడమ్మా" అంటన్నారు. ఇప్పుడు లోవలక్ష్మి గారా?

… పద్నాలుగేళ్ళ లోపు జట్టులో.

… ఆ జట్టులో అయిదూ రెండంటే మంచి ఎత్తా? ఓహో. మొన్న శుక్రవారం పొట్టోడు, ఇవాళ మంగళవారానికి పొడుగోడయిపోయాడన్నమాట. నాలుగు రోజుల్లో అంత ఎదిగాడా, ఆ గుళ్ళు బాగానే పని చేశాయి!

… సోమవారం పంపమంటారు.

… భుజం తగ్గాకే ఆడిస్తారు. ఊ.

… సీటు తీసెయ్యలేదు. పేరు ఇంకా కొట్టలేదు. ఊ… వింటన్నానండి.

… నేనేం చెప్పనండి? నాకు పంపాలనే ఉంది. పంపకపోతే వాళ్ళ మావయ్య వైజాగ్ హార్బరుకి రమ్మంటన్నాడు, పెద్ద బోట్ల మీదకి. ఒకసారి ఆ బోటెక్కినోడు మళ్ళీ బంతి పట్టుకోడు. మీ మీద ఎంత కోపమున్నా, వాడు బంతి మీదకి ఎగిరినప్పుడు చూడాలండి… నేను ఒక్కసారే చూశాను. చాలు. అందుకే ఈ ఫోను చేశాను. లేకపోతే మీతో నాకేం పని?

కాని వెళ్ళేది వాడు. ఉండండి, వాణ్ణే అడుగుతాను.

— ఒరే పోతురాజూ! ఇలా రా. ఆ బల్ల దిగు ముందు. కోచ్ గారు. నీ సీటు పోలేదంట. సోమవారం రమ్మంటన్నారు. చిన్నోళ్ళ జట్టులో ఆడిస్తారంట… వెళ్తావా?… నేల చూపులు చూడక నోరు తెరిచి చెప్పు… ఏంటి?… గట్టిగా… 

… కోచ్ గారండీ.

… ఉన్నానండి. లేదు, ఫోను పుచ్చుకోడంట. నన్నే చెప్పమంటన్నాడు.

… "పొడుగవకపోయినా ఉంచుకుంటానంటే వస్తాను, లేకపోతే రాను" అంటన్నాడండి.

…

కోచ్ గారూ?

…

వాడు నా పక్కనే నిలబడ్డాడండి. నా మొహంలోకే చూస్తన్నాడు.

…

హలో?