ఎనిడ్ గారి కోతి

పింగాణీ సామాను తయారీకి పేరుబడ్డ స్టోక్ ఊళ్ళో బర్స్‌లెమ్ పేట, గురువారం సాయంత్రం నాలుగు గంటలు. టీబల్లకి ఇటు ఎనిడ్ గారు, అటు నాలుగిళ్ళ అవతలుండే హెర్బర్ట్ గారు. మధ్యలో టీకూజా: కొబ్బరికాయను కావలించుకున్న రంగురంగుల పింగాణీ కోతి.

"మీ పాతకాలపు మజోలికా పింగాణీ నలభై మూడూ అమ్మేశారా హెర్బర్ట్ గారూ? నెమలి జగ్గు కూడానా?"

"నెమలి జగ్గూ, కుందేలు మూత గిన్నే, అన్నీ. కొన్నవాళ్ళు సోమవారం పాత పేపర్లలో చుట్టి పట్టుకెళ్ళారు. నేను మారబోయే కొత్త గదిలో ఉన్నది జానెడు కిటికీ గట్టు. ఒక్క మజోలికా పడుతుంది, అంతే."

"ముప్పై ఏళ్ళు పోగుచేశారు, పాపం. పైగా అక్కణ్ణుంచి ఇక్కడికి రెండు బస్సులు మారాలి. ఇక గురువారాలు... సర్లెండి, ఇంకో ఓట్ రొట్టె వేసుకోండి."

"చాలు. ఆ ఒక్కదాని గురించే..."

"చీజ్ గడ్డకడుతోంది, ముందు తినండి."

"తింటాను. ఆ ఒక్కటీ మీ కోతి అయితే బాగుంటుందని, ఎనిడ్ గారూ."

"ఏ కోతి?"

"మీ ఇంట్లో ఎన్ని కోతులున్నాయేంటి?"

"గురువారం గురువారం ఇంకోటి వస్తుంటుంది."

"నవ్వులాటకి కాదు. అడగడానికి ఆరేళ్ళు పట్టింది నాకు."

"ఉండండి, టీ పోస్తాను."

"మాట మారుస్తున్నారు."

"మార్చట్లేదు, పోస్తున్నాను. కప్పు దగ్గరికి జరుపుకోండి. మొదటిసారి వచ్చినప్పుడు ప్యాంటంతా టీతో తడుపుకున్నారు."

"చెయ్యి జారింది. అయినా ఇదేం కూజానండీ, అరకప్పు తగ్గితే చాలు మళ్ళీ నింపేస్తారు. నాలుగేసి కప్పులు తాగించి పంపుతారు, నేను ఇంటికి పరిగెత్తాల్సొస్తుంది."

"సరే, ఒక్కటి చెప్పండి. మన స్టోక్ వాళ్ళం ఎక్కడ పళ్ళెం కనబడినా తిరగేసి అడుగున తయారీ ముద్ర చూస్తాం. మీరైతే మేనకోడలి పెళ్ళి విందులో బఠాణీలతో సహా తిరగేశారట."

"నాలుగు బఠాణీలే పడ్డాయి."

"పెళ్ళికూతురి ఒళ్ళో."

"పళ్ళెం మనూరిదో కాదో చూసుకోవద్దా?"

"చర్చి సంతలో జగ్గుని పంటికి ఆనించి చూశారట."

"అతుకేసిన చోట మెత్తగా తగులుతుంది మరి. అలాగే చూడాలి."

"అంతటి మనిషి, నా కోతిని తిరగేసి చూస్తానని ఆరేళ్ళలో ఒక్కసారీ అడగలేదేం?"

"నిండుగా ఉంటుందిగా. కాలుతుంది."

"హెర్బర్ట్ గారూ."

"ఊఁ."

"ఈ కోతిని మీకివ్వలేను."

"మీ అమ్మగారిది. నేనే అడక్కుండా ఉండాల్సింది."

"మా అమ్మది కాదు. అదే సంగతి. ఆరేళ్ళ కిందట మీరు కిటికీలోంచి చూసి తలుపు తట్టారే, ఆ కోతి మా అమ్మది. వచ్చే గురువారం రండి, ఇందులోనే టీ పోస్తానన్నాను. మంగళవారం పిల్లి దాన్ని కింద పడేసింది."

"మీకు పిల్లెక్కడిది?"

"సరే, నేనే. దుమ్ము దులుపుతూ. బుధవారం బజారంతా తిరిగి, అచ్చం అలాంటిది పట్టుకొచ్చాను. విక్టోరియా రాణి కాలం కాదు, బుధవారం బజారు కాలం. మీరు తిరగేస్తారన్న భయానికి ఇన్నేళ్ళూ మీ ముందు దీన్ని ఖాళీ కానివ్వలేదు."

"దానికంత భయమెందుకు?"

"ఎందుకా? ఇంట్లో మజోలికా లేదని తెలిస్తే మళ్ళీ ఈ గడప తొక్కుతారా మీరు? గురువారం నాకింకెవరొస్తారు? నలభై మూడు అసలువి అమ్ముకున్న మనిషికి ఈ నకిలీది అంటగట్టలేను. ఇదిగో, ఉన్న టీ అంతా ఈ పూలకుండీలో వంపేశాను. తిరగేసి చూడండి. చూసి నాలుగు తిట్టి వెళ్ళండి."

"కళ్ళజోడు తెచ్చుకోలేదు."

"ఇటివ్వండి, నేనే చదువుతాను, అడుగున..."

"అక్కర్లేదు. 'మైక్రోవేవ్‌లో పెట్టరాదు' అని ఉంటుంది, నీలం అక్షరాలు. మొదటి గురువారం మీరు పాలకని వంటింట్లోకి వెళ్ళగానే తిరగేశాను ఎనిడ్ గారూ, ఆ ప్యాంటు తడిసింది అందుకే."