డ్వైట్ ప్రూయిట్ సంతకం నేనే పెట్టాను

మార్లో కౌంటీ, జార్జియా రాష్ట్రం. 2023 జనవరి 19, గురువారం, ఉదయం 10:40. కాలేజీ పోలీసు గదిలో డిటెక్టివ్ ఒకాంపో గారి ఎదుట చెప్పినది.

నా పేరు లనోరా ప్రూయిట్. వయసు ముప్పై మూడు. వృత్తి దగ్గర డిటెక్టివ్ గారు ‘సైనికుడి భార్య’ అని రాస్తే కొట్టేయించాను. నర్సింగ్ విద్యార్థిని. ఒంటిగంటకు ఆసుపత్రిలో ప్రాక్టికల్ ఉంది, కాబట్టి తొందరగా రాయమని కోరుతున్నాను.

నా భర్త డ్వైట్ ప్రూయిట్ సైన్యంలో సార్జెంట్. పెళ్ళయి పదకొండేళ్ళు. ఆరుసార్లు సామాను కట్టాం. చదువు వాషింగ్టన్ రాష్ట్రంలో మొదలుపెట్టాను, కాన్సాస్‌లో మళ్ళీ మొదలుపెట్టాను, ఇక్కడ మళ్ళీ మొదలుపెట్టాను. ఒకచోట పాసైన సబ్జెక్టు ఇంకోచోట చెల్లదంటారు. మనిషి ఒంట్లో ఉన్న రెండు వందల ఆరు ఎముకల్ని మూడు రాష్ట్రాల్లో మూడుసార్లు బట్టీ పట్టాను. ఇంకా రెండు సెమిస్టర్లున్నాయి.

ఇక్కడికి నిరుడు జూన్‌లో వచ్చాం. ఏడాది కాపురం ఉంటే తప్ప ఈ కాలేజీలో స్థానికుల ఫీజు ఇవ్వరు. బయటివాళ్ళకు మూడింతలు, అది కట్టే తాహతు మాకు లేదు. బదిలీ మీద వచ్చిన సైనికుల భార్యలకు మాత్రం ఆ ఏడాది మినహాయింపు ఉంది, కాకపోతే ఫారం మీద భర్త సంతకం ఉండాలి. మొదటి సెమిస్టర్‌కు డ్వైట్ స్వయంగా వచ్చి పెట్టాడు. ఆగస్టులో పోలండ్ వెళ్ళాడు. జనవరిలో మళ్ళీ కొత్త ఫారం అడిగారు.

జనవరి 6, శుక్రవారం, సాయంత్రం 4:35. కౌంటరు ఐదింటికి మూస్తారు, ఆ రోజే గడువు. డ్వైట్ రెండో తేదీ నుంచి అడవిలో యుద్ధాభ్యాసాల్లో ఉన్నాడు, ఫోను లేదు. నేను వరండా బెంచీ మీద కూర్చుని ఆయన సంతకం పెట్టి ఇచ్చేశాను. మోసం చేద్దామని పెట్టలేదు. అలవాటు కొద్దీ పెట్టాను.

ఇది మా ఆడవాళ్ళందరి అలవాటే. మొగుడు దేశం దాటేముందు తన తరఫున సంతకం చేసే అధికారపత్రం రాయించి పెళ్ళాం చేతిలో పెడతాడు. పద్ధతి ప్రకారం ఆయన పేరు రాసి, పక్కనే ‘తరఫున’ అని నా పేరు రాయాలి. ఏ కౌంటర్లోనూ అంత ఓపిక ఉండదు. ‘ఆయన పేరే గీకెయ్యమ్మా, వెనక లైనుంది’ అంటారు. ఇంటి అద్దె, కరెంటు, కారు, బాంకు, అన్నిటి మీదా ఆయన పేరు, నా చేతిరాత.

కౌంటర్లో ఉండే మిస్ హోలిస్ పాత ఫారం, కొత్త ఫారం పక్కపక్కన పెట్టి చూసింది. డ్వైట్ యూనిట్‌కు ఈమెయిల్ పెట్టి ఆరా తీసింది. మనిషి పోలండ్ అడవిలో ఉంటే ఆయన సంతకం ఇక్కడికెలా వచ్చిందని నన్నడిగింది. అధికారపత్రం తీసి చూపించాను. దాని గడువు జనవరి 3తో అయిపోయింది. మూడు రోజులు. మూడే రోజులు సార్.

ఇవాళ డిటెక్టివ్ గారు నేను తెచ్చిచ్చిన మా ఇంటి కాగితాలన్నీ, ఆ రెండు ఫారాలూ బల్ల మీద పరిచారు. పదిహేడు సంతకాలు ఒకేలా ఉన్నాయి, ఒక్కటి తేడాగా ఉంది. ఆ ఒక్కదాని మీద వేలు పెట్టి, ‘నువ్వు దొంగ సంతకం పెట్టింది ఇదేనా?’ అని అడిగారు. అది మొదటి సెమిస్టర్ ఫారం మీద నా మొగుడు స్వయంగా పెట్టింది. నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు క్షమించాలి, ఆ తర్వాత ఏడుపూ వచ్చింది.

మొన్న మంగళవారం ఉదయం 6:10కి డ్వైట్ అడవి నుంచి బయటికొచ్చి ఫోన్ చేశాడు. అధికారపత్రం గడువు తను చూసుకోవలసిందని, తప్పంతా తనదేనని కమాండర్‌కు రాసిస్తానని అన్నాడు. రాసిస్తే వచ్చే ప్రమోషన్ ఊడుతుంది.

‘నోరు మూసుకుని నీ పని చూసుకో. నా చదువు కోసం నీ ఉద్యోగం తాకట్టు పెట్టకు’ అన్నాను.

‘ఇన్నేళ్ళూ నా ఉద్యోగం కోసం నీ చదువేగా తాకట్టు పెట్టాం’ అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం పదకొండేళ్ళలో అదే మొదలు.

మిస్ హోలిస్ ఒక దారి చెప్పింది. ఫారం వెనక్కి తీసుకుని ఈ సెమిస్టర్ మానేస్తే కాలేజీ వాళ్ళు నా మీద పెట్టిన ఫిర్యాదు ఎత్తేస్తారట. ‘వచ్చే ఏడాది చేరొచ్చులేమ్మా’ అంది. మంచి మనసుతోనే అంది. వచ్చే ఏడాది నేను ఏ రాష్ట్రంలో ఉంటానో సైన్యానికే తెలియదు. మానను. కేసు పెడితే పెట్టుకోండి, తేలేదాకా క్లాసులో కూర్చోనివ్వండి. కొత్త ఫారం ఇస్తే పోలండ్ పంపి ఆయన చేతే పెట్టిస్తాను. అది తేడాగా ఉందని మళ్ళీ నన్ను పిలవకండి.

ఇదంతా నాకు చదివి వినిపించారు. ఎవరో చెప్పమంటే చెప్పింది కాదు, జరిగింది జరిగినట్టు చెప్పాను. బల్ల మీదున్న మా ఇంటి కాగితాల్లో నా పేరు ఒక్కదాని మీదా లేదు. దీని కింద మాత్రం నా పేరే రాస్తున్నాను.

(సంతకం) లనోరా జె. ప్రూయిట్
మధ్యాహ్నం 12:20