నీలం నీళ్లు

సార్, మెమోల "పిల్లలను తప్పుదారి పట్టించినందుకు" అని రాసిన్రు. జర గది కొట్టెయ్యుండ్రి. మిగతాది ఏదన్న రాసుకోండ్రి.

దారి పట్టియ్యమన్నది మీరే గద? పిల్లలు చేతుల్తోని చేసి నేర్చుకోవాలె, బడిల ఒక సమస్యను వాళ్లే పట్టుకొని వాళ్లే తీర్చాలె అని కాగితం మీ సంతకంతోనే వచ్చింది. పక్క బడోళ్లు థర్మకోల్‌తోని అగ్గికొండ చేసిన్రు, బహుమతి కొట్టిన్రు. మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఆ తెలివి లేకపాయె.

సంతోషి అని ఒక పిల్ల ఉన్నది. తండ్రి లక్ష్మణ్ గగన్‌పహాడ్‌ల కంపెనీకి పోతడు. అది లేచి, "మేడం, పొద్దుగాల నిండిన ట్యాంకు పగటీలికే ఎట్ల ఖాళీ అయితది?" అన్నది.

అన్నం బెల్లు కొట్టేసరికి ఆడపిల్లల లెట్రిన్ల చుక్క రాదు సార్. మూడేండ్ల సంది గిదే కథ. అందుకే వాళ్లు దూపైనా నీళ్లు తాగరు. నెలసరొస్తే బడికే రారు. గిది సమస్య గాదా?

ఇగ పిల్లలు పైపులకు చెవులు ఆనిచ్చి విన్నరు. నల్లాలన్ని బందు చేసినా లోపల నీళ్లు పోతనే ఉన్నయి. ఒక పైపు గోడ దగ్గర భూమిలకు దిగింది. తవ్వుతమంటే నేను వద్దన్న. "రంగు కలిపి చూద్దాం మేడం" అన్నది సంతోషి. ఇంటికొక బట్టల నీల్ సీసా తెచ్చి ట్యాంకుల పోసిన్రు. తాగే నీళ్లు క్యాన్ల వస్తయి, భయం లేదు.

దూరం తిరుగుడు గూడ పడలే. గోడ అవతల ఫంక్షన్ హాలు, మన బడి కమిటీ పెద్దమనిషి హరిప్రసాద్ సారుది. ఆనాడు పెండ్లి. చేతులు కడుక్కున్న మగపెండ్లోళ్ల తెల్లంగీలన్ని నీలం మరకలు. మీకు నవ్వొస్తున్నది గద? నేను గూడ నవ్విన.

సాయంత్రానికి ఫిర్యాదు వచ్చింది. పైపు మలుపుకున్నాయన మీద గాదు, రంగు కలిపిన పిల్లల మీద. టీసీలిచ్చి పంపాల్నట. లక్ష్మణ్ వచ్చి దండం పెడుతుంటే, సంతోషి నా దిక్కు చూసి, "తప్పెవరిది మేడం?" అన్నది. నేను తలవంచుకొని పరీక్ష పేపర్లు దిద్దుకుంట కూసున్న.

ఎందుకు పలకలేదంటరా?

ఆ పైపు సంగతి నాకు ముందుగాలే ఎరుక సార్. వేసిననాడే చూసిన. అడుగుదామని హాలుకు పోయిన గూడ. ఆయన చాయ్ తాపించి, "అనుపమ మేడం, మీ కొడుకు పెండ్లి మా హాల్ల చేసుకోండ్రి, కిరాయి వద్దు" అన్నడు. చేసుకున్న. మా పెండ్లిల నీళ్లకు కొరత రాలే.

గది రాయుండ్రి. పిల్లలకు టీసీలు వద్దని గూడ రాయుండ్రి. నన్ను కందుకూరు దిక్కు ఏస్తరో, ఇంటికే పంపుతరో మీ ఇష్టం.

సంతోషికి నేనే చెప్త. చెప్పినంక ఇగ నా పాఠం వింటదో, వినదో.